ప్రాణవాయువు ముగ్గురికే సరిపోయే నౌకలో నలుగురు ఉంటే, ఆ సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: శ్రవణ_నక్షత్రం

అందరికీ నమస్కారం. కొంతకాలంగా నేను ఒక పెద్ద కథ రాస్తున్నాను. నలుగురు వ్యోమగాములు ఒక గ్రహశకలం దాకా వెళ్ళి తిరిగి వస్తూ ఉంటారు. దారిలో ప్రాణవాయువు ట్యాంకు ఒకటి పగిలిపోతుంది. ఇంకా నలభై రోజుల ప్రయాణం ఉంది, మిగిలిన ప్రాణవాయువు మాత్రం ముగ్గురికే సరిపోతుంది. నౌక నుంచి వచ్చే అంకెలను చూసి ఈ లెక్కను ముందుగా తేల్చేది భూమి మీది నియంత్రణ కేంద్రం. నౌకలో ఉన్నవారికి ట్యాంకు పగిలిందని తెలుసు గాని, దాని ఫలితం ఇంతదాకా వస్తుందని అప్పటికి తెలియదు.

ఆరో అధ్యాయంలో నలుగురూ చీట్లు వేసుకునే సన్నివేశం రాశాను. దాన్ని చదివిన స్నేహితుడు ఒకరు, ఇది మనుషులు చేసే పనిలా లేదు, కథ కోసం తెచ్చిపెట్టుకున్న చిక్కులా ఉంది అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది, ఎందుకంటే రాస్తున్నప్పుడు నాకూ లోపల అదే అనుమానం ఉంది. ఆ అధ్యాయం చింపేయడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే దాని స్థానంలో నిజానికి దగ్గరగా ఉండేది ఏదో నాకు తెలియడం లేదు.

నేను అడగదలచినవి రెండు. నిజంగా జరిగిన యాత్రల్లో ఇటువంటి స్థితి వచ్చినప్పుడు మనుషులు ఏం చేశారు? ఇక చేయగలిగింది ఏమీ లేదని నియంత్రణ కేంద్రానికి అనిపించినప్పుడు ఆ సంగతిని నౌకలో ఉన్నవారికి చెప్పాలా, చెబితే కమాండరుకు మాత్రమే చెప్పాలా, లేక అందరికీ చెప్పాలా? ఈ రెండో ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఈ రంగం గురించి చదివినవారు, ఇటువంటి నిర్ణయాలకు దగ్గరగా పనిచేసినవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పండి.


జవాబు: గాలి_గణితం

శ్రవణ గారూ, నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ముందుగా లెక్క దగ్గర మొదలుపెడతాను. నీతి తర్వాత వస్తుంది, కాకపోతే లెక్క తప్పితే నీతి కూడా తప్పుతుంది.

మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ప్రాణవాయువు కావాలి. అదే మనిషి రోజుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడు విడుస్తాడు. మూసి ఉన్న నౌకలో ప్రాణవాయువు ఇంకా మిగిలి ఉండగానే ఈ విడిచిన గాలి పేరుకుపోయి ప్రాణం మీదికి తెస్తుంది. మొదట తలనొప్పి, తర్వాత మగత, ఆ తర్వాత తప్పుడు నిర్ణయాలు. మీ కథకు చాలా ముఖ్యమైన సంగతి ఇదేనని నాకు అనిపిస్తోంది: ఎవరు బతకాలో తేల్చవలసిన మెదళ్ళే అందరికన్నా ముందు మొద్దుబారతాయి.

అపోలో 13 దీనికి పూర్తి ఉదాహరణ. 1970 ఏప్రిల్ 11న జేమ్స్ లోవెల్, జాక్ స్విగర్ట్, ఫ్రెడ్ హేజ్ చంద్రుడి దిశగా బయలుదేరారు. సుమారు 56 గంటల తర్వాత, భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో, రెండో ఆక్సిజన్ ట్యాంకు పగిలింది. ముగ్గురూ చంద్రుడి మీద దిగడానికి తీసుకెళ్ళిన ల్యాండరులోకి చేరారు. అది ఇద్దరు మనుషులు రెండు రోజుల పాటు ఉండటానికి తయారైన వాహనం. అందులో ముగ్గురు దాదాపు నాలుగు రోజులు గడపవలసి వచ్చింది. అక్కడ ప్రాణవాయువుకు కొరత రాలేదు. కొరత వచ్చింది కరెంటుకు, నీటికి, కార్బన్ డయాక్సైడును పీల్చుకునే లిథియం హైడ్రాక్సైడు డబ్బాలకు. పెద్ద నౌకలో నిండు డబ్బాలు ఉన్నాయి గాని అవి చదరంగా ఉన్నాయి, ల్యాండరులోని గూడు గుండ్రంగా ఉంది. ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, స్పేస్ సూటు గొట్టాలు, టేపు, చివరికి ఒక సాక్సు కూడా వాడి ఆ చదరపు డబ్బాను గుండ్రటి గూటికి అతికించారు. కింద ఇంజినీర్లు ముందుగా తాము చేసి చూసి, ఆ తర్వాత ఒక్కొక్క మెట్టు రేడియోలో చదివి వినిపించారు.

ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీరే దొరికింది. గది ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీల దరిదాపుల్లోకి పడిపోయింది. హేజ్‌కు మూత్రనాళాల ఇన్ఫెక్షన్ సోకి జ్వరం వచ్చింది. ఇన్ని జరిగినా ముగ్గురిలో ఒకరు తగ్గితే మిగిలిన ఇద్దరికీ సులువవుతుందన్న మాట లేదు. కొరతను ముగ్గురూ సమంగా పంచుకున్నారు, పంచుకోగా చాలనిదాన్ని తెలివితో పూడ్చుకున్నారు.

అప్పటి చిన్న సంగతి ఒకటి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. తిరుగు ప్రయాణం చివర్లో, ట్యాంకు పగిలి పాడైపోయిన సర్వీసు విభాగాన్ని ముందు వదిలించాలి, ల్యాండరును ఆ తర్వాత వదిలించాలి. రెండు స్విచ్చులూ పక్కపక్కనే ఉన్నాయి. లోవెల్, హేజ్ ఇంకా ల్యాండరులోనే ఉన్నారు. చలికి, నిద్రలేమికి అలసిపోయిన తన చెయ్యి పొరపాటు పడి వాళ్ళిద్దరినీ అంతరిక్షంలోకి వదిలేస్తుందేమోనని భయపడ్డ స్విగర్ట్, ల్యాండరు స్విచ్చు మీద ‘వద్దు’ అని రాసిన కాగితం అంటించాడు. మీ చీట్ల సన్నివేశం కన్నా ఆ కాగితం ముక్కలో నాకు ఎక్కువ నీతి కనిపిస్తుంది. తోటివారి ప్రాణం తన వేలి కింద ఉందని తెలిసిన మనిషి, తన వేలిని తాను నమ్మకపోవడం అది.


జవాబు: కక్ష్య_పాఠకురాలు

మీ రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి నేను కొంత సమయం తీసుకున్నాను. ఎందుకంటే ఇది ఊహాప్రశ్న కాదు. 2003 జనవరిలో అమెరికా షటిల్ నౌక కొలంబియా కక్ష్యలో తిరుగుతుండగా దాదాపు ఇదే ప్రశ్న భూమి మీద ఒక గదిలో తలెత్తింది.

జనవరి 16న కొలంబియా నింగికి ఎగసిన 82వ సెకను దగ్గర, బయటి ఇంధన ట్యాంకు నుంచి దాని పైపొరగా ఉండే గట్టి నురుగు ముక్క ఒకటి, ముప్పావు కిలో బరువున్నది, ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. మర్నాడు ఫిల్ములు చూసినవారికి అది కనిపించింది. రెక్క ఎలా ఉందో చూడటానికి సైనిక ఉపగ్రహాలతోనో, మరే విధంగానో ఫోటోలు తీయించమని కొందరు ఇంజినీర్లు అడిగారు. పై అధికారులు ఆ వినతులను ముందుకు సాగనివ్వలేదు. నురుగు ఊడటం అంతకుముందు చాలా యాత్రల్లో జరిగిందే, అప్పుడు ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడూ ఏమీ కాదు అన్న ధోరణి అక్కడ పాతుకుపోయి ఉంది. జనవరి 23న కమాండరు రిక్ హస్బండ్‌కు, పైలట్ విల్లీ మెకూల్‌కు ఈ-మెయిల్ వెళ్ళింది. అందులో నురుగు తగిలిన సంగతి ఉంది, దానివల్ల ఆందోళన ఏమీ లేదన్న హామీ కూడా ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఇచ్చిన కారణం ఏమిటంటే, విలేకరులు అడిగితే వాళ్ళు తెల్లబోకూడదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ముక్కలైంది. హస్బండ్, మెకూల్, కల్పనా చావ్లా, మైకేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్, ఇలాన్ రామన్ మరణించారు.

అప్పుడు అక్కడ పనిచేసిన వేన్ హేల్ పదేళ్ళ తర్వాత ఒక సంగతి బయటపెట్టారు. దిగేటప్పుడు పుట్టే వేడి నుంచి నౌకను కాపాడే ఉష్ణకవచం నిజంగా దెబ్బతిని ఉంటే మనం చేయగలిగింది ఏమీ లేదు కదా, గాలి అయిపోయేదాకా తెలిసి తెలిసి కక్ష్యలో ఎదురుచూడటం కన్నా, సంతోషంగా యాత్ర ముగించుకుని దిగుతూ అనుకోకుండా పోవడమే వాళ్ళకు మేలు కాదా అని పై అధికారి ఒకరు తమను అడిగారట. ఆయన దుర్మార్గుడని నేను అనను. ఆ మాటలో నాకు జాలే వినిపిస్తుంది. అయితే ఆ జాలికి ఆధారంగా నిలిచిన ‘చేయగలిగింది ఏమీ లేదు’ అన్న మాటను ఎవరూ పరీక్షించి చూడలేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ప్రమాదం తర్వాత విచారణ సంఘం ఆ పరీక్ష చేయించింది. ఏడుగురూ కదలికలు తగ్గించుకుని పొదుపుగా ఉంటే లిథియం హైడ్రాక్సైడు డబ్బాలు ఫిబ్రవరి 15 దాకా వచ్చేవి. అప్పటికే మార్చి 1 ప్రయోగానికి సిద్ధమవుతున్న అట్లాంటిస్ నౌకను, యాత్ర మొదటి రోజుల్లోనే నష్టాన్ని గుర్తించి రాత్రింబవళ్ళు మూడు షిఫ్టుల్లో పనిచేసి ఉంటే, ఫిబ్రవరి 10 నాటికి నలుగురితో పంపగలిగేవారు. రెండు నౌకలు పక్కపక్కన ఎగురుతుండగా ఏడుగురినీ ఒక్కొక్కరిగా స్పేస్ సూట్లలో దాటించాలి. కష్టమే గాని అసాధ్యం కాదని ఆ అధ్యయనం తేల్చింది. అది కుదరకపోతే, నౌకలో దొరికిన లోహపు ముక్కలతో, గడ్డకట్టించిన నీటి సంచులతో నురుగు తగిలి రెక్కలో పడిన రంధ్రాన్ని మూసి దిగి చూడటం మరొక మార్గం. అది నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

శ్రవణ గారూ, మీ కథకు అసలైన చిక్కు ఇక్కడ ఉందని నా నమ్మకం. అట్లాంటిస్‌ను పంపితే అందులో వెళ్ళే నలుగురి కింద కూడా అదే రకం ట్యాంకు, అదే నురుగు ఉంటాయి. కారణం ఇంకా సరిచేయని ప్రమాదంలోకి, ఏడుగురి కోసం మరో నలుగురిని పంపవచ్చా? పంపవచ్చనే నేను అంటాను, వెళ్ళేవాళ్ళు అన్నీ తెలిసి ఒప్పుకుంటే. కక్ష్యలో ఉన్నవారికి నిజం చెప్పకుండా కింద ఉన్నవారిని ఆ ప్రశ్న అడగడం కుదరదు. నిజాన్ని దాచిన క్షణంలో ఆ నలుగురు ముందుకు వచ్చే అవకాశమే పోయింది.

ఆ తర్వాత పద్ధతులు మారాయి. షటిల్ ఎగిరిన ప్రతిసారీ కక్ష్యలోనే ఉష్ణకవచాన్ని పరీక్షించేవారు. 2009 మేలో హబుల్ టెలిస్కోపు మరమ్మతుకు అట్లాంటిస్ వెళ్ళినప్పుడు, అక్కడి నుంచి అంతరిక్ష కేంద్రానికి చేరే వీలు లేదు కాబట్టి, రక్షించడానికి మరో షటిల్ ఎండీవర్‌ను రెండో ప్రయోగవేదిక మీద సిద్ధంగా నిలబెట్టారు. ‘చేయగలిగింది ఏమీ లేదు’ అన్న మాటకు సంస్థ ఇచ్చిన జవాబు ఆ రెండో నౌక. ఏడుగురు పోయాక వచ్చిన జవాబు.


జవాబు: రాత్రి_డ్యూటీ

నాకు అంతరిక్షం గురించి తెలిసింది తక్కువ. నేను ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే వైద్యురాలిని. పైన చెప్పిన ఆ అధికారి మాటను నేను వేరే రూపంలో వారానికి ఒకసారైనా వింటాను. ‘డాక్టరు గారూ, ఆమెకు చెప్పకండి, తట్టుకోలేదు’ అని వరండాలో నా చెయ్యి పట్టుకుని అడుగుతారు. అడిగేవారి ప్రేమలో లోపం ఉండదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ విషయంలో నేను అలాగే ఒప్పుకున్నాను. ఆవిడ కొడుకు బతిమాలితే, తగ్గిపోతుందని నాలుగు రోజులు ఆవిడ ముఖం మీద నవ్వుతూ చెప్పాను. ఐదో రోజు రాత్రి ఆవిడే నన్ను పిలిచి, ‘అమ్మా, నువ్వు రోజూ వచ్చి మానిటర్ చూస్తావు గాని నా కళ్ళలోకి చూడవు, ఎన్నాళ్ళు ఉంది నాకు?’ అని అడిగింది. చెప్పాను. ఏడవలేదు. మంచం కింద ఉన్న ఎక్స్‌రే కవరు తీసివ్వమంది, నా జేబులోని పెన్ను అడిగింది. ఆ గోధుమరంగు కవరు మీద తాను ఎవరికి ఎంత బాకీ ఉందో, తనకు ఎవరు ఎంత ఇవ్వాలో, ఏ వస్తువు ఏ మనవరాలికి చేరాలో గంటన్నర సేపు రాసుకుంది. చివర్లో చెయ్యి వణికి అంకెలు కలిసిపోతే నన్ను మళ్ళీ దిద్దమంది. నేను దాచిన నాలుగు రోజుల్లో ఆవిడ ఇంకా ఏమేం రాసుకునేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ నాలుగు రోజులూ ఆవిడవి. నేను తీసేసుకున్నాను.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. నా రోగి తన జబ్బును తాను బాగుచేసుకోలేదు. వ్యోమగాములు అలా కాదు. నౌక గురించి అందరికన్నా దగ్గరగా తెలిసినవారు, చేతిలో పనిముట్లు ఉన్నవారు వాళ్ళే. వాళ్ళకు చెప్పకపోవడమంటే రోగికి చెప్పకపోవడమే కాదు, సర్జనుకు కూడా చెప్పకపోవడం. కాబట్టి అందరికీ చెప్పాలనే నా అభిప్రాయం. ఎలా చెప్పాలన్నది వేరే ప్రశ్న. తెలిసింది ఏమిటి, ఇంకా తేలనిది ఏమిటి, తేల్చడానికి మేము ఏం చేస్తున్నాము, ఈ మూడూ ఒకే మాటలో రావాలి. మళ్ళీ ఎప్పుడు మాట్లాడతామో ఆ సమయం చెప్పి, చెప్పిన సమయానికి మాట్లాడాలి. వార్త కన్నా ఆ తర్వాతి నిశ్శబ్దమే మనిషిని ఎక్కువ కుంగదీయడం నేను చూశాను.


శ్రవణ_నక్షత్రం

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ ఎక్స్‌రే కవరు గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక సందేహం ఇంకా మిగిలే ఉంది. నిజం తెలిస్తే మనిషి చెయ్యి వణకదా? దిగేటప్పుడు ప్రతి క్షణం నిబ్బరంగా ఉండవలసిన కమాండరుకు, నీ ఉష్ణకవచం పగిలి ఉండవచ్చు అని చెప్పడం అతని పనిని పాడుచేయదా? అలాగే దీనికి ఎదురు కోణం కూడా ఉంటుంది కదా: నౌకలో ఉన్నవారే ఏదో ఒక ప్రమాదాన్ని భూమికి చెప్పకుండా దాచిన సందర్భాలు లేవా?


జవాబు: ధ్రువపథం

రెండు ప్రశ్నలకూ నిజమైన ఉదాహరణలే ఉన్నాయి.

మొదటిదానికి 1988 డిసెంబరులో జరిగిన అట్లాంటిస్ యాత్రను చూడండి. అది రహస్య సైనిక యాత్ర. రోబో చేతికి ఉన్న కెమెరాతో చూసినప్పుడు నౌక అడుగున ఉష్ణకవచపు పెంకులు చెక్కుకుపోయి ఉండటం కమాండరు రాబర్ట్ గిబ్సన్ బృందానికి స్పష్టంగా కనిపించింది. రహస్యం కోసం సంకేతీకరించి పంపిన చిత్రాలు కింద మసకగా అందాయి, అవి నీడలే అయి ఉంటాయని కింద ఉన్నవారు కొట్టిపారేశారు. అంటే కొలంబియాకు తలకిందుల పరిస్థితి: పైన తెలుసు, కింద నమ్మరు. తాము బతకకపోవచ్చునని అనుకుంటూనే ఆ అయిదుగురూ తమ పని తాము చేశారు. దిగేటప్పుడు గిబ్సన్ రెక్కల నియంత్రణ సూచికను కనిపెడుతూ నౌకను నడిపి నేలకు దించాడు. చూస్తే ఏడు వందలకు పైగా పెంకులు దెబ్బతిన్నాయి, ఒకటి పూర్తిగా ఊడిపోయింది. దాని కింద అదృష్టవశాత్తు దళసరి లోహపు పలక ఉండబట్టి నౌక నిలిచింది. నిజం తెలియడం వల్ల ఆయన చెయ్యి వణకలేదు. చూడవలసిన సూచిక ఏదో ఆయనకు తెలిసింది.

రెండోదానికి సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్. 1965 మార్చి 18న మొదటిసారి నౌక బయట శూన్యంలో తేలిన మనిషి ఆయన. సుమారు పన్నెండు నిమిషాల తర్వాత లోపలికి రాబోతే సూటు గాలికి ఉబ్బిపోయి, వేళ్ళు చేతితొడుగుల నుంచి వెనక్కి జారిపోయాయి. తాడును చుట్టుకోవడం కూడా కుదరలేదు. ఆయన కింద ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా సూటులోని గాలిని కొంత వదిలేశాడు. రక్తంలో బుడగలు పుట్టే ప్రమాదం ఉందని తెలిసే వదిలాడు. కాళ్ళతో రావలసిన ద్వారంలోకి తలతో దూరి, ఆ ఇరుకులోనే ఒళ్ళు తిప్పుకుని తలుపు మూసుకున్నాడు. ఇది నాకు తప్పుగా తోచదు. అక్కడ ఉన్నది నిమిషాలు, కింద సంప్రదింపులు మొదలైతే ఆ నిమిషాలు కరిగిపోతాయి. సమయం లేక చెప్పకపోవడం వేరు, సమయం ఉండీ చెప్పకపోవడం వేరు. కొలంబియాకు పదహారు రోజులు ఉన్నాయి.

ఇక మీ ‘నలుగురికి ముగ్గురి చోటు’ గురించి. గాలి విషయంలో కాదుగాని, తిరుగు ప్రయాణపు సీట్ల విషయంలో ఇది నిజంగా వస్తుంది. 1997 ఫిబ్రవరి 23న రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌లో ప్రాణవాయువు పుట్టించే డబ్బా ఒకటి మంటలు చిమ్మినప్పుడు లోపల ఆరుగురు ఉన్నారు. ముగ్గురేసి కూర్చునే సోయజ్ నౌకలు రెండు ఉన్నాయి. ఒకదానికి వెళ్ళే దారిని మంటే అడ్డుకుంది. ముగ్గురు వెళ్ళిపోగలరు, ముగ్గురు వెళ్ళలేరు. ఎవరూ వెళ్ళలేదు. ముసుగులు తగిలించుకుని, కమాండరు కోర్జున్ మంట దగ్గర నిలబడి ఆర్పుతుంటే తక్కినవారు నిండు సిలిండర్లు అందించారు.

2022 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న సోయజ్ నుంచి చల్లబరిచే ద్రవమంతా కారిపోయింది. అత్యవసరంగా దిగవలసి వస్తే ముగ్గురి ఒంటివేడికి లోపల ఉడికిపోతారేమోనని భయం. ఆ ముగ్గురిలో ఒకరైన ఫ్రాంక్ రూబియో ఒంటి కొలతకు పోతపోసిన సీటు పొరను తీసి పక్కనే ఉన్న డ్రాగన్ అనే మరో నౌకలో అమర్చారు. అక్కడ అప్పటికే నలుగురు ఉన్నారు. అదనపు మనిషిని తీసుకోవడం వల్ల తమకు కలిగే ముప్పును ఆ నలుగురూ భరించారు, సోయజ్‌లో మిగిలిన ఇద్దరికీ ముప్పు తగ్గింది. కొత్త సోయజ్ ఖాళీగా పైకి వచ్చేదాకా ఆ ఏర్పాటే నడిచింది. ఆరు నెలల కోసం వెళ్ళిన రూబియో 371 రోజులకు తిరిగి వచ్చాడు.

2025 నవంబరులో జరిగింది ఇంకా సూటిగా మీ కథకు దగ్గరగా ఉంటుంది. చైనా కేంద్రంలో ఉన్న షెంజౌ-20 నౌక కిటికీలో సన్నని పగుళ్ళు కనిపించాయి. దానిలో దిగవలసిన ముగ్గురూ, తమ స్థానంలోకి కొత్తగా వచ్చిన ముగ్గురి నౌకలో నవంబరు 14న భూమికి చేరారు. అంటే నిన్నగాక మొన్న వచ్చినవారు తమ నౌకను ఇచ్చేసి, నమ్మదగిన తిరుగు వాహనం లేకుండా పైన ఉండిపోయారు. నవంబరు 25న ఖాళీ నౌకను పంపేదాకా పదకొండు రోజులు అలాగే ఉన్నారు. ఆ రోజుల్లో కేంద్రంలో మంటో, గాలి లీకో వచ్చి ఉంటే? ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు లేదు. మొత్తం ముప్పు పోలేదు, ముగ్గురి మీది నుంచి ముగ్గురి మీదికి కొన్నాళ్ళు బదిలీ అయింది. మీరు రాయవలసిన అధ్యాయం అదేనేమో ఆలోచించండి. చీటీలో పేరు వచ్చినవాడు చావడం కాదు, ఇంకొకరి ముప్పును తన రోజుల్లోకి తీసుకోవడం.


జవాబు: గాలి_గణితం

ధ్రువపథం గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. నిజం చెప్పడమంటే ఆదేశంతో పాటు కారణం చెప్పడం కూడా. అపోలో 13లో మూత్రాన్ని బయటికి వదలవద్దని కింది నుంచి ఆదేశం వచ్చింది. ఆ చిమ్మే వేగానికి నౌక దారి కొద్దిగా పక్కకు జరుగుతుందన్న భయంతో కాసేపటికి మాత్రమే ఇచ్చిన ఆదేశం అది. పైన ఉన్నవారు దాన్ని ప్రయాణం ముగిసేదాకా అనుకున్నారు. సంచుల్లో నింపి లోపలే దాచుకున్నారు. అప్పటికే చాలీచాలని నీళ్ళు తాగుతున్నారు. ఎప్పటిదాకా అన్న ఒక్క మాట కలిపి ఉంటే ఆ బాధ తప్పేది.

మీ కథలో నౌక చాలా దూరంలో ఉంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. అంగారకుడి దూరం నుంచి అయితే ఒక మాట చేరడానికే మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అడిగి తెలుసుకుందాం అంటే వెళ్ళడానికి అంత, రావడానికి అంత. మీ లెక్కలో నలభై రోజులు ఉన్నాయి. ముందు నలుగురినీ ఎక్కువసేపు పడుకోబెట్టండి, వ్యాయామం మాన్పించండి, నీటిని విద్యుత్తుతో విడగొట్టి ఎంత ప్రాణవాయువు వస్తుందో లెక్క కట్టించండి. నీటిలో బరువు ప్రకారం తొమ్మిదింట ఎనిమిది వంతులు ప్రాణవాయువే. అయితే అలా విడగొట్టిన ప్రతి లీటరూ తాగే నీటిలోంచి పోతుంది. కమాండరుకు ఒక్కడికే నిజం తెలిస్తే ఈ పనుల్లో ఒక్కటీ సాగదు. తల మొద్దుబారుతున్నవాళ్ళకు తోడుగా ఇంకో మూడు తలలు ఉండటం అవసరం.


శ్రవణ_నక్షత్రం

చీట్ల అధ్యాయం తీసేశాను. తీసేస్తుంటే బాధ కలగలేదు.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. నియంత్రణ కేంద్రం నుంచి వచ్చే సందేశం కమాండరు పేరుకే వస్తుంది, ‘మీరు ఒక్కరే వినండి’ అన్న మాటతో మొదలవుతుంది. ఆమె దాన్ని అక్కడే ఆపి, మిగిలిన ముగ్గురినీ నిద్ర లేపి, వాళ్ళు వచ్చాక మొదటి నుంచి మళ్ళీ వినిపిస్తుంది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడరు. నలుగురిలో చిన్నవాడు గోడకు కట్టి ఉన్న నీటి సంచులను లెక్కపెట్టడం మొదలుపెడతాడు. రెండోసారి లెక్కపెట్టినప్పుడు ఒకటి తక్కువ వస్తుంది. తల మొద్దుబారి తప్పు లెక్కపెట్టాడా, లేక నిజంగానే ఒకటి తక్కువ ఉందా అని అతను తనను తాను నమ్మలేక, పక్కవాడిని లెక్కపెట్టమంటాడు.

రాత్రి_డ్యూటీ గారికి ఒక మనవి. మీరు అనుమతిస్తే, ఆ నలుగురిలో ఒకరి చేతికి ఒక పెన్ను, ఏదైనా పాత కవరు ఇవ్వాలని ఉంది.


రాత్రి_డ్యూటీ

తప్పకుండా ఇవ్వండి శ్రవణ గారూ. ఆవిడ పెన్ను అడిగినప్పుడు నా జేబులో ఎర్రది ఒక్కటే ఉంది. అంకెలన్నీ ఎర్రగానే రాసుకుంది.